జవాబు సరే, అడిగిందెవరు?

ప్రశ్న: నాకు ముప్పై రెండేళ్లు. హన్మకొండలో ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెప్తాను. రెండేళ్ల నుంచి ఆధ్యాత్మిక పుస్తకాలు వదలకుండా చదువుతున్నా. బుద్ధుడు, జెన్, కుండలిని, సూఫీలు, అద్వైతం అన్నీ కలిపి నలభై దాకా కొన్నాను. సగం మధ్యలోనే ఆగిపోయాయి. ఒకరు ఆత్మ ఉందంటారు, ఒకరు లేదంటారు. ఒకరు గురువు లేకుండా అడుగు వేయొద్దంటారు, ఇంకొకరు గురువే అడ్డమంటారు. చదివినంతసేపు అన్నీ నిజమే అనిపిస్తాయి, పుస్తకం మూస్తే ఏదీ నిలవదు. ఒక పుస్తకం చూసి నెల రోజులుగా పొద్దున్నే గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టే సాధన చేస్తున్నా. తల బరువుగా ఉంటోంది, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, నిద్ర సరిగా పట్టట్లేదు. ఇవి శక్తి మేల్కొంటున్న గుర్తులని అందులో రాసి ఉంది. ఇంట్లో బాపుతో పూజల మీద రోజూ వాదన. ఏ వరుసలో చదవాలి? పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరానికి పోవాలా? బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడి శ్లోకాల గ్రంథం, కారికలు, కూడా కొన్నా, పది పేజీలు దాటలేకపోయా. - ఒక పాఠకుడు, హన్మకొండ

సమాధానం: చదువు సంగతి తర్వాత. ముందు ఆ ఊపిరి సాధన ఇవాళే ఆపండి.

గట్టిగా, వేగంగా, పదే పదే గాలి పీలిస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుంది. మెదడుకు పోయే రక్తనాళాలు కొంత బిగుసుకుంటాయి. వేళ్ల కొసల్లో, పెదాల చుట్టూ తిమ్మిరి పుడుతుంది, తల తిరుగుతుంది. ఎవరు చేసినా, ఏ నమ్మకంతో చేసినా ఇలాగే అవుతుంది కాబట్టి దీన్ని శక్తి మేల్కొన్న గుర్తుగా తీసుకోకండి. బీపీ, గుండె జబ్బు, ఫిట్స్ ఉన్నవాళ్లకు కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, ప్రమాదం కూడా. హఠయోగ గ్రంథాల్లో ఈ సాధనలు ఎదురుగా కూర్చుని చూసే గురువు కోసం రాసినవి. శిష్యుడి ముఖం చూసి ఎక్కడ ఆపాలో చెప్పేది ఆయన. అచ్చులోకి వచ్చేసరికి సాధన మిగిలింది, ఆపే మనిషి లేడు.

ఆపాక వారం పది రోజుల్లో నిద్ర కుదుటపడకపోయినా, కారణం లేని భయం, ఎవరో పిలిచినట్టు వినబడటం, మనుషులు దూరంగా బొమ్మల్లా కనబడటం వంటివి ఉన్నా డాక్టరును కలవండి. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, ఖర్చు లేదు. ఆధ్యాత్మిక సాధనలో ఉన్నవాళ్లు డాక్టరు దగ్గరికి పోకూడదన్న మాట ఏ పెద్ద సంప్రదాయమూ చెప్పలేదు.

ఇక అసలు సంగతి. నలభై పుస్తకాలు ఎక్కువేమీ కాదు. మీ చిక్కు ఏమిటంటే, మీ దగ్గర నలభై మందివి జవాబులున్నాయి, ఆ జవాబులు ఎవరడిగితే వచ్చాయో లేదు. పాత గ్రంథాల్లో దాదాపు ప్రతి మాటా ఒక మనిషికి చెప్పిందే. అడిగినవాడు బ్రాహ్మణుడా, రైతా, రాజా, చావు దగ్గరపడ్డ ముసలాయనా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. ఇప్పటి పుస్తకాలు చాలావరకు ఆ మనిషిని తీసేసి మాటను మాత్రం ఇస్తాయి. అందుకే చదివేటప్పుడు అన్నీ నిజమనిపిస్తాయి, పక్కపక్కన పెడితే కొట్టుకుంటాయి.

మీ ఉత్తరంలాంటి మొర బుద్ధుడి ముందుకు ఒకసారి వచ్చింది. కేసపుత్తం అనే ఊరి కాలాములు ఆయనతో అన్నారు: ఎందరో గురువులు వస్తున్నారు, ఎవరి మతాన్ని వాళ్లు పొగుడుకుని పక్కవాళ్లది తీసిపారేస్తున్నారు, ఎవరిది నిజమో తెలియట్లేదు అని. ఇది అంగుత్తర నికాయం అనే సుత్తాల (బుద్ధుడి ఉపదేశాల) సంకలనంలో, మూడేసి అంశాలున్న తికనిపాతంలో ఉంది. దీన్ని సాధారణంగా 'మీ బుద్ధికి నచ్చిందే నమ్మండి' అని క్లుప్తం చేసి వాట్సాప్‌లో తిప్పుతుంటారు. మూలం తెరిచి చూడండి. దేన్ని పట్టుకుని నమ్మొద్దో పది చెప్తాడు. విన్నమాట, పరంపర, పుకారు, శాస్త్రంలో ఉండటం, మనిషి సమర్థుడిలా కనబడటం, మన గురువు కావడం అందులో ఉన్నాయి. తర్కం, ఊహ, మనకు ముందే నచ్చిన అభిప్రాయంతో సరిపడటం కూడా ఆ పదిలోనే ఉన్నాయి. మరి కొలబద్ద ఏది? లోభం, ద్వేషం, మోహం మనిషిలో పుడితే మేలా కీడా అని వాళ్లనే అడుగుతాడు, వాళ్లతోనే జవాబు చెప్పిస్తాడు. ఆత్మ ఉందా లేదా అన్న చర్చ అక్కడ లేనే లేదు. మీరు ఇప్పుడు కాలాముల స్థానంలో ఉన్నారు కాబట్టి ఆ సుత్తంతోనే మొదలుపెట్టండి. మూడు నాలుగు పేజీలే. వారం రోజులు అదొక్కటే చదవండి.

ఆ తర్వాత బుద్ధుడి మాటల పద్యాల పుస్తకం, ధమ్మపదం. 26 వర్గాలు, 423 గాథలు (పద్యాలు). ఒక్క రోజులో అయిపోయేంత చిన్న పుస్తకం, చాలామంది అలా చదివేసే పోగొట్టుకుంటారు. రోజుకు ఐదు గాథలు, పైకి చదవండి. మూడు నెలల లోపే పూర్తవుతుంది. పాలి మూలం తెలుగు లిపిలో పక్కన ఉన్న ప్రతి దొరికితే ఇంకా మంచిది. తెలుగు చదివినవాడికి పాలి చెవికి పరాయిగా ఉండదు: 'న హి వేరేన వేరాని సమ్మన్తీధ కుదాచనం', పగతో పగలు ఎన్నడూ చల్లారవు. రంగూన్‌లో 1954 నుంచి 1956 దాకా జరిగిన ఆరో సంగాయనంలో (బౌద్ధ భిక్షువుల మహాసభలో) సరిచూసిన త్రిపిటకం, అంటే బౌద్ధ మూల గ్రంథాల, పాఠం తెలుగు లిపిలో ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. అనువాదం మీద అనుమానం వచ్చినప్పుడు గాథ సంఖ్య పట్టుకుని అందులో చూసుకోవచ్చు.

అనువాదం కొనే ముందు రెండు గాథలు పరీక్షించండి. 160వ గాథ 'అత్తా హి అత్తనో నాథో'. తనకు తానే దిక్కు, ఇంకెవరు దిక్కవుతారు అని దాని మాట. అక్కడ అనువాదకుడు పరమాత్మను, జీవాత్మను తెచ్చి పేజీల కొద్దీ వ్యాఖ్యానం రాశాడా చూడండి. తర్వాత 279కి పోండి: 'సబ్బే ధమ్మా అనత్తా', దేనిలోనూ ఆత్మ లేదని. మొదటిదాంట్లో ఆత్మను నిలబెట్టిన మనిషి దీన్ని మెలితిప్పక తప్పదు. రెండు చోట్లా మూలం చెప్పింది చెప్పి, తన అభిప్రాయం వేరుగా రాసిన అనువాదమైతే తీసుకోండి. గాథ సంఖ్యలు, సుత్తం పేర్లు అసలే ఇవ్వని పుస్తకాన్ని మాత్రం, అట్ట మీద బొమ్మ ఎంత బాగున్నా, అక్కడే వదిలేయండి. బుద్ధుడి పేరుతో తిరిగే సూక్తులకూ ఇదే పద్ధతి. ఏ సుత్తం, ఎవరికి చెప్పాడు అన్నది లేకుంటే మీ నోటుబుక్కులోకి రానివ్వొద్దు.

కొనకముందు గ్రంథాలయాలు చూడండి. మీ హన్మకొండలోనే 1904లో పుట్టిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఉంది, జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది. విషయాన్ని బట్టి అంకెలిచ్చే డ్యూయీ పద్ధతిలో సర్దిన చోట బౌద్ధం 294.3 కింద, హిందూ మతం 294.5 కింద, ఇస్లాం 297 కింద ఉంటాయి. ఆ అరల ముందు అరగంట నిలబడి తిరగేస్తే ఏది అక్కర్లేదో తెలుస్తుంది, డబ్బు మిగులుతుంది.

ధమ్మపదంతో పాటు వారానికి ఒక సుత్తం పెట్టుకోండి. సుత్తాల్లో ఒకే వాక్యం పదిసార్లు వస్తుంది. విసుగొచ్చి దాటేస్తారు. ఇవి శతాబ్దాల పాటు నోటితో నడిచిన పాఠాలు, పది మంది కలిసి వల్లించడానికి కట్టినవి. మొదటిసారి దాటకుండా పైకి చదవండి. నాలుగోసారి వచ్చినప్పుడు ఒక్క మాట మారి ఉంటుంది, ఆ మారిన మాటలోనే విషయం ఉంటుంది. కొన్ని ముద్రణల్లో మధ్య భాగం కుదించి 'పే' అని గుర్తు పెడతారు. అంటే పైన వచ్చిందే మళ్లీ చదువుకొమ్మని.

నోటుబుక్కులో ప్రతి సుత్తానికి మూడే విషయాలు రాయండి: ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు, చివరికి వాళ్లను ఏం చెయ్యమన్నాడు. నచ్చిన వాక్యాలు ఎత్తి రాసుకోవడం ఆపండి. మీకు ఏదీ నిలవకపోవడానికి సగం కారణం అదే. వాక్యం కాగితం మీదికి పోగానే మనసు దాన్ని వదిలేస్తుంది. అడిగిన మనిషి గుర్తుంటే జవాబు దానంతట అదే గుర్తుంటుంది.

ఈ పద్ధతికి మన గోదావరి ఒడ్డున పుట్టిన పాఠం ఒకటుంది, అది మీరు తప్పక చదవాలి. పాత బౌద్ధ పద్యాల సంకలనం సుత్తనిపాతంలో చివరి భాగం, పారాయన వగ్గం. బావరి అనే బ్రాహ్మణుడు కోసలం నుంచి దక్షిణాపథానికి వచ్చి, అస్సక దేశంలో గోదావరి తీరాన ఉంటాడు. యజ్ఞం చేసి ఉన్నదంతా ఇచ్చేశాక ఇంకో బ్రాహ్మణుడు వచ్చి ఐదు వందలు అడుగుతాడు. లేవంటే, ఏడో రోజు నీ తల ఏడు ముక్కలవుతుందని శపిస్తాడు. బావరి తిండి మాని కుమిలిపోతాడు. తల అంటే ఏమిటో, తల పగలడం అంటే ఏమిటో ఆ శపించినవాడికే తెలియదని ఒక దేవత చెప్తుంది. బావరి పదహారు మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపుతాడు. వాళ్లు ప్రతిష్ఠానం, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, శ్రావస్తి మీదుగా రాజగృహం దాకా పోతారు. అక్కడ వచ్చిన జవాబు: అవిద్యే తల. శ్రద్ధ, స్మృతి, సమాధి, సంకల్పం, వీర్యం తోడైన విద్యే దాన్ని పగలగొట్టేది. శాపానికి భయపడ్డవాడికి శాపం మాటలతోనే జవాబు చెప్పాడు. ఆ భయం తెలియకుండా ఈ ఒక్క గాథ చదివితే పొడుపుకథలా ఉంటుంది.

ఆ తర్వాత పదహారు మందీ వరుసగా అడుగుతారు. చివరివాడు పింగియుడు. నేను ముసలివాణ్ని, బలం లేదు, చూపు ఆనట్లేదు, సరిగా వినబడట్లేదు, అయోమయంలోనే చచ్చిపోకుండా నాకు చెప్పు అంటాడు. కుర్రవాళ్లు అడిగిన పెద్ద పెద్ద ప్రశ్నల తర్వాత ఈ ముసలాయన మాట వచ్చేసరికి ఎవరికైనా గొంతు పట్టుకుంటుంది. బావరి కథ ఉన్న ముందు భాగం తర్వాత చేర్చిందని, పదహారు ప్రశ్నలు చాలా పాతవని పండితులు ఎక్కువమంది అంటారు. బావరి ఆశ్రమం నిర్మల్ జిల్లా బాదన్‌కుర్తి దగ్గర గోదావరి లంకలో ఉండేదని మన ప్రాంతంలో చెప్పుకుంటారు. అస్సక రాజధాని మన బోధనేనని చాలామంది చరిత్రకారుల మాట. చోటు మీద వాదనలున్నా, గోదావరి అన్న మాట పాఠంలోనే ఉంది. వీలైతే పెద్దపల్లి జిల్లా ధూళికట్ట స్తూపం కూడా చూసి రండి. అక్కడ దొరికిన సున్నపురాతి పలకల మీద ముచిలింద నాగు చెక్కి ఉంది. జ్ఞానోదయం తర్వాత వానలో బుద్ధుడికి పడగ పట్టిన పాము అది. ఆ కథ తెలిసి పోతే రాయి మాట్లాడుతుంది.

బాపుతో వాదన గురించి. మజ్ఝిమ నికాయం అనే ఇంకో సుత్తాల సంకలనంలో 22వ సుత్తం చదవండి. కొందరు ధర్మాన్ని ఎదుటివాళ్లను తప్పుపట్టడానికి, వాదనలో గెలవడానికి నేర్చుకుంటారని, అది పామును తోక దగ్గర పట్టుకోవడమని అందులో ఉంది. పాము వెనక్కి తిరిగి చేతినే కరుస్తుంది. చీలిన కర్రతో అదిమి మెడ దగ్గర పట్టాలి. శతాబ్దాల తర్వాత నాగార్జునుడు, దేనికీ దానంతట అదిగా ఉనికి లేదనే శూన్యత గురించి చెబుతూ సరిగ్గా ఇదే పోలిక వాడాడు, తప్పుగా పట్టిన శూన్యత మందబుద్ధిని నాశనం చేస్తుందని.

దానికంటే ముందు దీఘ నికాయంలో 31వ సుత్తం, సిగాలోవాదం, చదవండి. సిగాలుడనే కుర్రవాడు తండ్రి పోతూ చెప్పిన మాట నిలబెట్టడానికి, పొద్దున్నే తడి బట్టలతో, తడి జుట్టుతో ఆరు దిక్కులకూ మొక్కుతుంటాడు. బుద్ధుడు అది మూఢనమ్మకమనలేదు, మానమనలేదు. మొక్కవలసిన తీరు వేరే ఉందని చెప్పాడు: తూర్పు తల్లిదండ్రులు, దక్షిణం గురువులు, పడమర భార్యాబిడ్డలు, ఉత్తరం స్నేహితులు, కింది దిక్కు పనివాళ్లు, పై దిక్కు శ్రమణులు (సన్యాసులు), బ్రాహ్మణులు. ఒక్కో దిక్కుకు మనిషి చేయవలసిన పనులు లెక్కపెట్టి చెప్పాడు. ఇంట్లో దీపం పెట్టే తండ్రితో ఎలా మాట్లాడాలో అందులో ఉంది. ఆ సుత్తం బాపుకు చదివి వినిపించండి, వాదనలా కాదు, కథలా.

భక్తులు, తత్వాలు పాడేవాళ్లు, సూఫీల వంటి మిస్టిక్కుల పుస్తకాలను కొన్నాళ్లు వేరే అరలో పెట్టండి. అవి తక్కువవని కాదు. వాటి భాష వేరు, వాటిని అందుకునే దారి వేరు. పాల్కురికి సోమనాథుడి బసవ పురాణంలో బెజ్జమహాదేవి కథ చూడండి. శివుడికి అందరూ ఉన్నారు, తల్లి ఒక్కతే లేదని ఆమెకు దుఃఖం. తల్లి ఉంటే జడలు కట్టనిచ్చేదా, విషం తాగనిచ్చేదా అని తానే తల్లయి నలుగు పెడుతుంది, లాలపోస్తుంది. దీన్ని అనాత్మ సిద్ధాంతంతో కొలిస్తే రెండూ పోతాయి. ద్విపద రాగం తీసి చదవడానికి కట్టింది కాబట్టి పైకి చదవండి, సోమనాథుడి ఊరు పాలకుర్తి మీకు దూరం కూడా కాదు. తత్వాలు కూడా అంతే. తొమ్మిది వాకిళ్ల ఇల్లు, బట్టబయలు, ఎరుక అని కాగితం మీద చదివితే చిక్కుముడులు. తత్వాలు పాడే అచల సంప్రదాయంలో ఎరుకను (తెలిసే తెలివిని) దాటి పోవలసిందిగా చెప్తారు, ఇంకోచోట అదే పరమార్థం. తంబుర మీద పాడి, చరణానికి అర్థం చెప్పే పెద్దమనిషి ఉన్న భజనలో కూర్చుని వినండి. సూఫీల జిక్ర్ (దైవనామ స్మరణ) కూడా పీరు (గురువు) చెప్పాకే చేసేది. కాజీపేట దర్గాకు పోయి కూర్చుంటే ఎవరూ కాదనరు, పుస్తకం చూసి సొంతంగా జిక్ర్ మొదలుపెట్టడం మాత్రం వద్దు.

అంబేడ్కర్ బుద్ధుడి మీద రాసిన గ్రంథం 'ది బుద్ధ అండ్ హిజ్ ధమ్మ' (1957) మీ నలభైలో లేకుంటే తెచ్చుకోండి, సుత్తాలు ఒక విడత అయ్యాక. వృద్ధుణ్ని, రోగిని, శవాన్ని చూసి సిద్ధార్థుడు ఇల్లు వదిలాడన్న కథను ఆయన ఒప్పుకోడు. శాక్యులకూ కోలియులకూ రోహిణీ నది నీళ్ల మీద వచ్చిన తగవును కారణంగా నిలబెడతాడు. ఆయన ఎవరి కోసం, ఏ ప్రశ్నకు రాశాడో ముందుమాటల్లోనే చెప్పుకున్నాడు, అవి దాటేయకండి.

ఊపిరి సాధన బదులు ఏం చేయాలంటారా, మజ్ఝిమ నికాయం 118వ సుత్తంలో ఆనాపానసతి ఉంది. పదహారు మెట్లు. మీకు ఇప్పుడు మొదటి రెండే చాలు. దీర్ఘంగా పీలిస్తే దీర్ఘమని తెలుసుకోవడం, పొట్టిగా పీలిస్తే పొట్టి అని తెలుసుకోవడం. ఊపిరిని పెంచొద్దు, తగ్గించొద్దు, ఆపొద్దు. నిద్ర సర్దుకున్నాక రోజుకు పదిహేను నిమిషాలు కూర్చోండి. మనసు పక్కకు పోయిందని తెలిసిన క్షణంలో తిరిగి రండి, పోయినందుకు తిట్టుకోకండి. బలవంతంగా దృష్టి బిగిస్తే నుదురు నొప్పి పుడుతుంది. అలా అనిపిస్తే ఆపి కాసేపు నడవండి.

శిబిరానికి ఇప్పుడే వద్దు. విపశ్యన గురువు గోయెంకా సంప్రదాయంలో నడిచే పది రోజుల శిబిరాల్లో రోజుకు పది గంటల దాకా కూర్చోవాలి, మాట్లాడకూడదు, ఫోను, పుస్తకం, పెన్ను అన్నీ అప్పజెప్పాలి. ఫీజు లేదు. హైదరాబాద్‌లో వనస్థలిపురం దగ్గర సాగర్ రోడ్డు మీద కేంద్రం ఉంది. నిద్ర లేని మనిషికి అది మోయలేని బరువు. రెండు మూడు నెలలు నిద్ర, తిండి, చిన్న సాధన నిలకడగా సాగాక దరఖాస్తు చేయండి. ఆరోగ్యం గురించి అడిగే కాలమ్‌లో ఈ నెల జరిగింది దాచకుండా రాయండి.

చివరగా నాగార్జునుడు. కారికలకు 27 ప్రకరణాలు. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టడం వల్లనే మీరు ఆగిపోయారు. మొదటి ప్రకరణం బౌద్ధ సిద్ధాంతాన్ని విడదీసి వివరించే అప్పటి అభిధర్మ పండితుల ప్రత్యయ (కారణాల) సిద్ధాంతంతో నేరుగా తలపడుతుంది. వాళ్లేమన్నారో తెలియనివాడికి అది గోడే. ఏడాది సుత్తాలు చదివాక తెరవండి, అప్పుడూ 24వ ప్రకరణం నుంచి. నాలుగు ఆర్యసత్యాల పరీక్ష అది, నలభై శ్లోకాలు. మొదటి ఆరు శ్లోకాలు నాగార్జునుడివి కావు, ఆక్షేపించేవాడివి: అన్నీ శూన్యమైతే ఆర్యసత్యాలు లేవు, సంఘం లేదు, బుద్ధుడే లేడు అని. ఏడో శ్లోకం నుంచి జవాబు. తొందరలో చదివేవాళ్లు ఆ ఆరింటినీ నాగార్జునుడి మాటలే అనుకుని ఈయన అన్నీ కాదంటున్నాడని పుస్తకం మూస్తారు. ఆ ఆరు శ్లోకాల పక్కన పెన్సిల్‌తో ఒక గీత గీసి 'ఆక్షేపణ' అని రాసి, అప్పుడు ముందుకు పోండి.